ఒక కయాక్, రెండు గాలాలు

గాలం వేయడం నాకు చిన్నప్పుడే మా నాన్న నేర్పారు. మా ఆయనకి గట్టు మీద అంతసేపు కూర్చునే ఓపిక లేదు గానీ నీళ్లంటే ప్రాణం. ఇద్దరికీ కుదురుతుందని ఇద్దరు ఎక్కే కయాక్, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవ, తీసుకున్నాం. 13 అడుగుల పొడవు, పైన కూర్చునే రకం. బోల్తా పడినా లోపల నీళ్లు నిండిపోవు.

ఇంగ్లీషు వాళ్లు దీన్ని సరదాగా విడాకుల పడవ అంటారు. ఎందుకో మొదటి రోజే అర్థమైంది. ఆయన బరువు 85 కిలోలు, నాది 54. ముందు కూర్చుంటే బాగా కనిపిస్తుందని ఆయనే ముందెక్కారు. పడవ ముక్కు నీళ్లలోకి దిగబడిపోయి, తిప్పితే తిరగదు. ఒకరి తెడ్డు ఇంకొకరి తెడ్డుకి తగిలి టక్కుటక్కున చప్పుడు. "ఏవండీ, ఎటు పోతున్నాం?" "నువ్వెటు తిప్పితే అటే!" చేపల సంగతి సరే, ఆ గొడవకి కప్పలు కూడా పారిపోయి ఉంటాయి.

రెండోసారి చోట్లు మార్చుకున్నాం. బరువున్నవాళ్లు వెనక, తేలికైనవాళ్లు ముందు. తెడ్డు వేసే వేగం ముందున్న మనిషిది. వెనకున్నవాళ్లు దాన్ని చూస్తూ కలిపి వేయాలి, దారి కూడా వాళ్లే మళ్లించాలి. ముందున్నవాళ్లకి వీపున కళ్లుండవు కదా. పోట్లాట సగం అక్కడే తగ్గింది.

గాలాలు తీసుకెళ్లే ముందు ఒక పూట పడిపోవడం ప్రాక్టీస్ చేశాం. నవ్వొచ్చినా ఇది మానకండి. లైఫ్ జాకెట్లు వేసుకుని, ఛాతీ లోతు నీళ్లలో కావాలనే బోల్తా కొట్టించాం. ఒకరు అవతలి అంచు గట్టిగా పట్టుకుంటే, రెండో మనిషి కాళ్లు కొడుతూ ముందు పొట్ట మీదుగా పైకి పాకి, ఆ తర్వాత తిరిగి కూర్చోవాలి. నాలుగోసారికి గానీ నాకు కుదరలేదు. కట్టకుండా వదిలేసిన పటకారు అడుక్కి పోయింది. అప్పట్నుంచి తెడ్డు, రాడ్లు, డబ్బా అన్నిటికీ తాళ్లే.

అసలు టెన్షన్ గాలం విసరడంలో ఉంది. గట్టు మీద అలవాటు కొద్దీ తల మీదుగా వెనక్కి ఊపాను, కొక్కెం వెళ్లి ఆయన టోపీని పట్టుకుంది. రెండంగుళాలు కిందికి దిగి ఉంటే చెవే. ఆ రోజే కొక్కేల మొనల దగ్గర వెనక్కి ఉండే ముళ్లు నొక్కేశాను, గుచ్చుకున్నా తేలిగ్గా ఊడి వస్తుందని. ఇప్పుడు పక్కనుంచి, తక్కువ ఎత్తులోనే విసురుతాం. కయాక్ ముక్కు వైపు 12 ఉన్న గడియారం ముఖం అనుకుంటే 10 నుంచి 2 దాకా నాది, రెండు పక్కలు ఆయనవి. విసిరే ముందు "వేస్తున్నా" అనాల్సిందే.

లంగరు కూడా తేలికనుకున్నాం. పక్కన కట్టేసరికి గాలికి కయాక్ అడ్డం తిరిగి ఒక వైపు ఒరిగింది, గుండె జారిపోయింది. ముక్కుకో తోకకో కడతారు తప్ప పక్కకి ఎప్పుడూ కట్టరు. గాలి విషయంలో ఇంకో మాట: ఒంట్లో శక్తి ఉన్నప్పుడే దానికి ఎదురెళ్లాలి. అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే మనల్ని గట్టు వైపు తోస్తుంది.

ఇన్ని చేసినా చేప మాత్రం పడలేదు. ఇద్దరం ఒకేసారి గాలం వేస్తే కయాక్‌ని చూసేవాళ్లే ఉండరు. అది తన దారిన కొట్టుకుపోతుంది, దారాలు రెండూ చిక్కుపడతాయి. ఆ చిక్కు విప్పుకుంటూ ఒక సాయంత్రం మొత్తం గడిపాక, వంతులు పెట్టుకున్నాం. అరగంట నాది, అరగంట ఆయనది. గాలం లేనివాళ్ల చేతిలో తెడ్డు. ఆ వారమే నా వంతులో రెండు పడ్డాయి. చేప లాగుతుంటే ముక్కు దానంతటదే అటు తిరుగుతుంది, వెనక ఆయన కొంచెం సర్దితే చాలు. పైకి తీసేటప్పుడు ఒకరే వంగాలి, రెండో మనిషి మధ్యలో కదలకుండా ఉండాలి.

తర్వాతి ఆదివారం ఆయన వంతులో రీలు గిర్రుమంది. నేను వెనక్కి తిరగలేను, చప్పుళ్లు వింటూ తెడ్డు వేస్తున్నాను. ఒక పెద్ద చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

"ఏమైందండీ?"

"పోయింది."

"చిన్నదేనా?"

"చిన్నదైతే చేత్తోనే తీసేవాణ్ణి. వల నీ కాళ్ల దగ్గరుంది."

ఇప్పుడు వల మధ్యలో పెడుతున్నాం.