మూకీ సినిమాకి మ్యూజిక్ మార్చుకుని చూడటం: నోస్ఫెరాటుతో నా తంటాలు

మూకీ సినిమాలు చూసే అలవాటున్న వాళ్ళకి తెలిసిందే, బొమ్మ ఎంత బాగున్నా వెనక మ్యూజిక్ చెత్తగా ఉంటే పావుగంటకే కునుకు పడుతుంది. ఫ్రీగా దొరికే కాపీల్లో చాలావాటికి ఎవరో ఎక్కడిదో పియానో ముక్క తెచ్చి అతికించేసి ఉంటారు, దెయ్యం వస్తున్నా అదే ట్యూను, పెళ్ళాం నవ్వుతున్నా అదే ట్యూను. అందుకని కొంతమంది ఆర్గాన్ వాయించేవాళ్ళు, పియానో వాళ్ళు, చిన్న చిన్న బ్యాండ్ల వాళ్ళు సినిమాతో సంబంధం లేకుండా ఒట్టి మ్యూజిక్ ఒక్కటే ఎంపీత్రీగానో ఫ్లాక్‌గానో అమ్ముతుంటారు, మనం డౌన్‌లోడ్ చేసుకుని, సినిమా సౌండ్ కట్టేసి, దీన్ని పెట్టుకుని చూడటమే. వినడానికి ఇంతే. చేసి చూస్తే కథ వేరేగా ఉంటుంది, అందుకే రాస్తున్నా.

నేను పట్టుకున్నది 1922 నాటి జర్మన్ రక్తపిశాచి సినిమా నోస్ఫెరాటు, ముర్నౌ అనే డైరెక్టర్ తీసింది. ఎందుకంటే దీనికి అసలు మ్యూజిక్ ఇదీ అని పూర్తిగా చేతిలో లేదు. బెర్లిన్‌లో మొదటి షోకి హాన్స్ ఎర్డ్‌మాన్ అనే ఆయన ఆర్కెస్ట్రాకి రాశాడు, అందులో చాలా భాగం పోయింది, అచ్చులో మిగిలిన సూట్ (కొన్ని ముక్కలు కలిపి కూర్చిన మ్యూజిక్) ఆధారంగా తర్వాత వాళ్ళు మళ్ళీ అల్లుకొచ్చారు. 1997లో జేమ్స్ బెర్నార్డ్, అంటే హ్యామర్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ళ డ్రాక్యులా సినిమాలకి మ్యూజిక్ ఇచ్చినాయన, మొత్తం కొత్తగా రాశాడు. ఇక ఆర్గాన్లు, గిటార్లు, సింథసైజర్లు, వాటికి లెక్కే లేదు. ఇలా మార్చేస్తే డైరెక్టర్‌కి అన్యాయం కదరా అన్నాడు నా ఫ్రెండ్ ఒకడు. అన్యాయం ఏముంది, ఆ రోజుల్లో ఊరికో మ్యూజిక్కే కదా! పెద్ద హాల్లో ఆర్కెస్ట్రా, చిన్న హాల్లో ఒక్క పియానో, మన దేశంలో అయితే తెర దగ్గర హార్మోనియం, తబలా పెట్టుకుని కూర్చునేవాళ్ళు. పక్క ఊళ్ళో చూసినవాడు విన్నది మనం విన్నది ఒకటి కాదు.

సరే, ఒక ఆర్గానిస్టుది శాంపిల్ విన్నా, నచ్చింది, కొన్నా. దాంతోపాటు ఒక చిన్న నోట్ ఇచ్చాడు, కంపెనీ పేరు తెర మీద నుంచి పోగానే ప్లే నొక్కండి అని. కంప్యూటర్‌లో సినిమాలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌లో దీనికి ఒక దారి ఉంది, చాలామందికి తెలీదు. మీడియా మెనూలో ఓపెన్ మల్టిపుల్ ఫైల్స్‌కి వెళ్ళి సినిమా ఫైలు ఇచ్చి, కింద షో మోర్ ఆప్షన్స్ టిక్ పెడితే, ఇంకో మీడియాని పక్కనే కలిపి ప్లే చేయమని అడిగే గడి వస్తుంది, అక్కడ ఆడియో ఫైలు ఇస్తే రెండూ కలిసి నడుస్తాయి. తర్వాత ఆడియో ట్రాక్ మార్చుకోవడమే. ముందువెనకలు ఉంటే జె, కె బటన్లతో 50 మిల్లీసెకన్ల చొప్పున జరుపుకోవచ్చు.

మొదటి ఐదు నిమిషాలు పర్లేదనిపించింది. తర్వాత ఆర్గాన్ ఆయన నాకంటే తొందరగా వెళ్ళిపోతున్నాడు. సత్రంలో గుర్రాలు బెదిరే సీన్‌కి వాయించాల్సింది అంతకుముందే వాయించేశాడు. డిలే సరిచేస్తే ఆ సీన్ వరకు బాగుంటుంది, కాసేపటికి మళ్ళీ జారిపోతుంది. వీఎల్‌సీలో స్పీడ్ తగ్గిద్దామంటే అది బొమ్మనీ మ్యూజిక్‌నీ కలిపి తగ్గిస్తుంది, కాబట్టి దాంతో లాభం లేదు.

అప్పుడు కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టా. దీనికి గుర్తు పెట్టుకోడానికి వీలైన చోట్లు కావాలి, నోస్ఫెరాటులో అవి బోలెడు. అర్ధరాత్రి అస్థిపంజరం గడియారం పన్నెండు కొట్టడం అన్నిటికంటే బెస్ట్, ఎందుకంటే ఆర్గాన్ ఆయన అక్కడ గంటలు వాయించాడు, క్షణం కూడా అనుమానం లేదు. హీరో హట్టర్ బ్రెడ్ కోస్తూ వేలు తెగ్గోసుకోవడం, ఓడలో రక్తపిశాచి ఓర్లాక్ శవపేటికలోంచి కర్రలాగా నిటారుగా లేవడం, మెట్ల మీద నీడ, ఇలా. ఒక్కోచోట తేడా ఎంతుందో రాసుకుంటూ పోతే పది నిమిషాలకి దాదాపు పాతిక సెకన్లు, ఇరవైకి యాభై, అలా సమంగా పెరుగుతోంది. సమంగా పెరుగుతోందంటే ఎక్కడో ముక్క పోలేదు, స్పీడే తేడా. నూటికి నాలుగు చిల్లర. ఈ నంబర్ వీడియోలతో కుస్తీ పట్టినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు, యూరప్ డీవీడీలది. అక్కడి టీవీ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు, సినిమా ఏమో 24, మధ్యలో లెక్కలు కుదరక మొత్తం సినిమానే కొంచెం స్పీడ్ పెంచి వదిలేసేవాళ్ళు. ఈయన మ్యూజిక్ అలాంటి డిస్క్ మీద నుంచి తీసుకున్నదన్నమాట.

అసలు మూకీల్లో స్పీడే పెద్ద గొడవ. చేత్తో తిప్పే కెమెరాలు కాబట్టి సెకనుకి 16 నుంచి 24 దాకా ఎలా పడితే అలా తీశారు, మాటల సినిమాలు వచ్చాకే 24 అని ఖాయమైంది. దానికి తోడు నోస్ఫెరాటుది కోర్టు కథ ఒకటి. డ్రాక్యులా నవల రాసిన బ్రామ్ స్టోకర్ భార్య కేసు వేసింది, మా ఆయన నవలని అడక్కుండా సినిమాగా తీసేశారని, ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది, అప్పటికే వేరే దేశాలకి పోయినవి బతికాయి. కాబట్టి ఒక్కో కాపీ ఒక్కో తీరు. 24 ఫ్రేములతో పరిగెత్తించిన పాతవి గంట పైచిలుకులో అయిపోతాయి, 81 నిమిషాల డీవీడీ ఒకటుంది, రిస్టోర్ చేసింది 94 నిమిషాలు. నా దగ్గరున్నది ఈ 94ది. రాత్రి సీన్లు నీలం రంగులో ఉంటే మంచి ప్రింట్ అని గుర్తు, ఎందుకంటే రాత్రులన్నీ పగలే తీశారు, ఆ నీలం లేకపోతే రక్తపిశాచి పట్టపగలు శవపేటిక చంకన పెట్టుకుని వీధిలో నడుస్తున్నట్టుంటుంది. మ్యూజిక్ కొనేముందు ఏ ప్రింట్‌కి వాయించారో అడగండి, కింద రాయకపోతే మెయిల్ పెట్టండి, ఈ వాయించేవాళ్ళు మంచోళ్ళు, జవాబిస్తారు.

ఇప్పుడు మ్యూజిక్‌ని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సాగదీయాలి. అక్కడ రెండు దారులున్నాయి. చేంజ్ టెంపో అంటే వేగం ఒక్కటే మారుతుంది, శ్రుతి అలాగే ఉంటుంది. చేంజ్ స్పీడ్ (కొత్త వెర్షన్లలో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్) అంటే రెండూ మారతాయి, పాత టేపు నెమ్మదిగా తిప్పినట్టు. ఏది చేయాలో నాకు మా అమ్మ వల్ల తేలింది. అమ్మ పాతికేళ్ళు పిల్లలకి సంగీతం చెప్పింది, వంటింట్లోంచే విని, "ఒరేయ్, ఆ ఆర్గాన్ ఒకటి శ్రుతీ కాదు, ఒకటిన్నరా కాదు, మధ్యలో ఎక్కడో ఏడుస్తోందేంట్రా" అంది. ఫోన్‌లో కీబోర్డ్ యాప్ పెట్టి చూస్తే నిజమే, ఒకటి (సీ) దాటి ఒకటిన్నరకి (సీ షార్ప్‌కి) కాస్త కింద ఉంది. నాలుగు శాతం స్పీడ్ పెరిగితే దాదాపు ముప్పావు వంతు స్వరస్థానం పైకి పోతుంది కాబట్టి లెక్క సరిగ్గా సరిపోయింది, అంటే వాయించినప్పుడు మామూలుగానే వాయించాడు, డిస్క్ చేసినప్పుడు బొమ్మతోపాటు మ్యూజిక్ కూడా ఎక్కిపోయింది. అందుకని చేంజ్ స్పీడే కరెక్టు. అదే ఆయన ఆ 25 ఫ్రేముల బొమ్మ చూస్తూ వాయించి ఉంటే టెంపో మార్చాల్సి వచ్చేది. శ్రుతి చూడకుండా ఈ రెండిట్లో ఏదీ నొక్కకండి.

ఎంత తగ్గించాలి అంటే మైనస్ 4 అని చాలాచోట్ల రాస్తారు. కానీ మన కంప్యూటర్ ఫైళ్ళు చాలావరకు నిఖార్సైన 24 కాదు, 23.976. అప్పుడు పెట్టాల్సింది మైనస్ 4.096. ఈ పిసరంతకి ఏమవుతుందిలే అనుకుంటే గంటన్నర సినిమాకి చివర్లో ఐదారు సెకన్లు తేడా కొడుతుంది, తెల్లారి ఎండ పడి ఓర్లాక్ మాయమయ్యే సీన్‌కి ఐదు సెకన్లంటే మొత్తం పోయినట్టే.

దీని తర్వాత కూడా అక్కడక్కడా రెండు మూడు సెకన్లు తప్పుతూనే ఉంది, కానీ ఈసారి సమంగా కాదు, మెట్లు మెట్లుగా. చూస్తే టైటిల్ కార్డుల (మధ్యమధ్యలో మాటలు రాసి చూపించే కార్డుల) దగ్గర. ఆయన డిస్క్‌లోవి ఇంగ్లీషు కార్డులు, నావి జర్మన్ కార్డులు, తెర మీద ఉండే సేపు వేరు. దీనికి స్పీడ్‌తో పని లేదు. సినిమా ఐదు అంకాలుగా ఉంది కదా, అంకం మారే చోట ఆర్గాన్ కూడా ఊపిరి తీసుకుంటుంది, అక్కడ కోసి ఐదు ముక్కలు చేసి ఒక్కోదాన్నీ దాని అంకం మొదటికి జరిపా, మధ్యలో వచ్చిన ఖాళీల్లో నిశ్శబ్దం పెట్టా. అంకం లోపల సెకను అటూ ఇటూ ఉన్నా ఎవరికీ తెలియదు, ఒక్క గడియారం తప్ప.

చివరికి బొమ్మనీ సౌండ్‌నీ ఒకే ఫైల్లో కలిపే ఎంకేవీటూల్‌నిక్స్‌లో బొమ్మని ముట్టుకోకుండా కొత్త ఆడియోని రెండో ట్రాక్‌గా కలిపేశా, నిమిషంలో అయిపోతుంది. టీవీకి ఫ్లాక్ వినపడలేదు, ఏసీ3 అనే ఇంకో ఆడియో ఫార్మాట్‌కి మార్చాక పలికింది. మూడో ట్రాక్‌గా ఇంకో బ్యాండ్ వాళ్ళ గిటార్ మ్యూజిక్ కూడా పెట్టుకున్నా, రిమోట్‌తో మార్చుకుంటూ చూడొచ్చని.

ఇలా మార్చి మార్చి చూస్తే భలే తేడా తెలుస్తుంది. గిటార్ వాళ్ళు మొదటి నిమిషం నుంచే గుయ్యిమని భయపెడుతుంటారు, హట్టర్ తోటలో పూలు కోసుకొచ్చి భార్య ఎలెన్‌కి ఇచ్చే సీన్‌కి కూడా అదే, పాపం అప్పటికి ఏమీ జరగలేదు. ఆర్గాన్ ఆయన అక్కడ హాయిగా వాయించాడు, అందుకే ఆ అమ్మాయి అంత అందమైన పూలని ఎందుకు చంపావు అని అడిగినప్పుడు గుండె కలుక్కుమంటుంది. మెట్ల మీద నీడ దగ్గర మాత్రం గిటార్ వాళ్ళకే నా ఓటు, అక్కడ వాళ్ళు ఒక్క తీగ కదిపి ఊరుకున్నారు, ఆర్గాన్ ఆయనేమో ఉన్న గొట్టాలన్నీ ఊదేశాడు.

డల్లాస్‌లో ఉండే బాబాయి కొడుకు ఇదంతా విని ఆ ఫైలు పంపించు అన్నయ్యా అన్నాడు. నేను ఇవ్వలేదు, సినిమాకి వందేళ్ళు దాటాయి గానీ మ్యూజిక్ ఆయనది, అక్కడ దోశ ఖరీదు కూడా ఉండదు, కొనుక్కో అని చెప్పి నా అంకెలు మాత్రం పంపా, ఎంత తగ్గించాలి, ఏ అంకం ఎక్కడ మొదలవ్వాలి, అన్నీ. వాడు కొనుక్కున్నాడు కూడా. తీరా చూస్తే వాడి దగ్గరున్నది 81 నిమిషాల డీవీడీ అంట, నా అంకెల్లో ఒక్కటీ వాడికి పనికిరాదు, గడియారం సీన్ దగ్గర్నుంచి మొదలుపెట్టి నువ్వే రాసుకోరా అన్నా.