చేతి పరికరాలతో గార తీసిన అనుభవం

పళ్ళకు పట్టిన గార తీయడానికి, కంపనాలతో పనిచేసే అల్ట్రాసోనిక్ యంత్రం ఉండగా ఈ చేతి పరికరాలు ఎందుకన్న సందేహం, దంతవైద్యం (బీడీఎస్) మూడో ఏట పెరియో, అంటే చిగుళ్ళ విభాగం, పోస్టింగుకు వెళ్ళిన అందరిలాగే నాకూ కలిగింది. మా మేడం దానికి సమాధానం చెప్పకుండా, గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్న ఒక పెద్దాయనను నాకు అప్పగించి, ఈయనకు మొత్తం చేత్తోనే చేయమన్నారు. కొన్ని రకాల యంత్రాల నుంచి వెలువడే అయస్కాంత క్షేత్రం, ముఖ్యంగా పాత పేస్‌మేకర్ల పనికి, అడ్డు తగలవచ్చన్నది అందుకు కారణం.

ఆయన కింది ముందుపళ్ళ లోపలివైపు గార గట్టిగా పేరుకుని ఉంది. నాలుక కింద లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది అక్కడే కాబట్టి, లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు పాచిలో చేరి దానిని రాయిగా మారుస్తాయి. చిగురు పైన కనిపించే ఆ గారకు కొడవలిలా వంగిన సికిల్ స్కేలర్ సరిపోయింది. దాని మొన కోసుగా ఉండడం వల్ల చిగురు లోపలికి దింపితే కణజాలం చీరుకుపోతుంది. అందుకే లోపలి పనికి వీపు, కొన గుండ్రంగా ఉండే క్యూరెట్లు వాడతారు.

అసలు శ్రమ క్యూరెట్‌తోనే మొదలైంది. గ్రేసీ అనే రకం క్యూరెట్‌లో ఒక్క అంచే పనిచేస్తుంది. దవడ పళ్ళకు ముందు పక్కన 11-12 నంబరుది, వెనక పక్కన 13-14 నంబరుది వాడాలి. పరికరం కాడలో చివరి భాగం పంటి తలానికి సమాంతరంగా ఉంటే అంచు తనంతట తాను సరైన కోణంలో కూర్చుంటుంది. బ్లేడును పంటికి దాదాపు ఆనించి చిగురు కిందకు దింపి, గార అడుగుకు చేరాక 45 నుంచి 90 డిగ్రీల మధ్యకు తెరిచి, పొట్టి పొట్టి లాగుడులతో పైకి తేవాలి. కోణం తగ్గితే బ్లేడు గార మీద జారి దానిని నున్నగా చేసి వదిలేస్తుంది, ఆ తర్వాత తడిమి చూసే సన్నని మొన పరికరం ఎక్స్‌ప్లోరర్‌కు కూడా అది సరిగా దొరకదు. 90 దాటితే చిగురుకు తగులుతుంది. ఉంగరపు వేలు పక్క పంటి మీద నిలకడగా ఆనితేనే మణికట్టు, ముంజేయి కలిసి తిరుగుతాయి; వేళ్ళతోనే లాగేవారికి మధ్యాహ్నానికల్లా బొటనవేలి మొదలు పీకడం మొదలవుతుంది.

బలం కన్నా పదునే ముఖ్యమని నా అభిప్రాయం. అంచును దీపం కిందకు తెచ్చి చూస్తే, మొద్దుబారిన చోట సన్నని తెల్లని గీత మెరుస్తుంది; పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు. ఆర్కాన్సా అనే సానరాయిని బ్లేడు ముఖానికి 100 నుంచి 110 డిగ్రీల కోణంలో పట్టి అరగదీసి, ఆక్రిలిక్ పుల్ల మీద అంచు కరుచుకుంటోందో లేదో చూసుకున్నాకే మళ్ళీ స్టెరిలైజ్ చేయించి మొదలుపెట్టేదాన్ని. మొండి కత్తిపీటతో కూర తరిగినవారికి ఈ పట్టింపు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

నల్లటి గార ముక్క ఒకటి దవడ పంటి లోపలి నుంచి టక్కున ఊడి గాజుగుడ్డ మీద పడినప్పుడు పెద్దాయన కంగారుపడ్డారు. "డాక్టరమ్మా, క్లీనింగు చేయిస్తే పళ్ళు వదులైపోతాయంటారు కదా!" అన్నారు. "పన్ను ఊడలేదండీ, పంటికి అంటుకున్న రాయి ఊడింది. ఎముకను, చిగుళ్ళను దెబ్బతీసేది పాచే, ఆ రాయి దానికి చోటిస్తోంది," అని అద్దంలో చూపించాను. ముందుపళ్ళ మధ్య కొత్తగా తెలిసిన సందును నాలుకతో తడుముకుంటూ ఆయన ఇంకా అనుమానంగానే చూశారు. కొన్నాళ్ళు చల్లనీళ్ళు జివ్వుమనవచ్చని, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించమని చెప్పి, రెండో వైపుకు వేరే రోజు రమ్మన్నాను.

కొన్ని వారాల తర్వాత, గీతలున్న కొలత పుల్ల ప్రోబ్‌తో కొలిస్తే చాలా చోట్ల చిగురు బిగిసి, చిగురుకూ పంటికీ మధ్య సందు లోతు తగ్గింది. కింద కుడివైపు చివరి దవడ పంటి వెనక మాత్రం ప్రోబ్ తగలగానే రక్తం కారింది. అక్కడ 13-14తో మళ్ళీ కూర్చోవలసి వచ్చింది.