అమెరికాలో తిండికి ఏ ఊరు బెస్ట్? నా ఓటు హ్యూస్టన్‌కే

తిండికి ఏ సిటీ గొప్ప అనే గొడవ మా వాట్సాప్ గ్రూపులో మొదలైందంటే ఆ పూటకి ఎవరికీ ఆఫీసు పని సాగదు. న్యూజెర్సీ వాడు న్యూయార్క్ అంటాడు, బే ఏరియా వాడు సూపు, సలాడు, ఆర్గానిక్ అంటూ ఏదో చెప్తాడు, డల్లాస్ వాడు మాట్లాడకుండా బిర్యానీ ఫొటో ఒకటి పడేస్తాడు. నా లెక్క వేరు. పేరున్న షెఫ్‌లు ఎంతమంది, మిషెలిన్ అనే రెస్టారెంట్ల గైడ్ ఇచ్చే స్టార్లు ఎన్ని అని నేను చూడను, వంట బ్రహ్మాండంగా వచ్చి చేతిలో డబ్బులు పెద్దగా లేని మనిషి ఆ ఊళ్ళో చిన్న హోటల్ ఒకటి పెట్టుకోగలడా లేదా, అదొక్కటే చూస్తా.

అలా చూస్తే హ్యూస్టన్‌ని మించింది లేదు. ఊరు చూడ్డానికేం ఉండదు, ఫ్రీవేలు, పార్కింగ్ లాట్లు, ఉక్కపోత. కానీ అక్కడ జోనింగ్ లేదు, అంటే ఇక్కడ ఇళ్ళే కట్టాలి అక్కడ షాపులే పెట్టాలి అని మిగతా పెద్ద సిటీల్లోలాగా గీతలు గియ్యలేదు, పైగా స్థలానికి కరువు లేదు, అందుకని ఎటు చూసినా స్ట్రిప్ మాళ్ళే, అంటే రోడ్డు పక్కన ఒకే వరసలో ఉండే షాపులు, ఒకపక్క నెయిల్ సెలూన్, ఇంకోపక్క టాక్సులు చేసిపెట్టే ఆఫీసు, మధ్యలో బోర్డు సరిగ్గా వెలగని ఒక వియత్నామీస్ హోటల్, తీరా లోపలికెళ్తే కూర్చోడానికి చోటుండదు. బెల్లెయిర్ బులెవార్డ్ మీద మైళ్ళకి మైళ్ళు ఇదే వరస. 1975లో యుద్ధం ముగిశాక వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వియత్నాం వాళ్ళు పక్కనున్న లూసియానా వాళ్ళ క్రాఫిష్ (రొయ్యలాంటిది) తీసుకుని దానికి వెన్న, వెల్లుల్లి, కారం దట్టించేసి వియెట్-కేజన్ (కేజన్ అంటే లూసియానా వంట) అని కొత్త వంటే పుట్టించారు. కిలోలకి కిలోలు ట్రేలో తెచ్చి పోస్తారు, మోచేతుల దాకా కారుతుంది, డీసెంట్‌గా తినాలనుకుంటే ఆ టేబుల్ దగ్గరికే వెళ్ళొద్దు. మార్చి, ఏప్రిల్ అయితే మంచి సైజు దొరుకుతాయి.

హిల్‌క్రాఫ్ట్ వైపు మన ఇండియన్, పాకిస్తానీ షాపులన్నీ ఉన్న ఏరియాకి 2010లో మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్ అని అఫీషియల్‌గా పేరు కూడా పెట్టారు. అక్కడ హిమాలయా అనే హోటల్లో బిర్యానీ, నిహారీతో పాటు మసాలా పట్టించిన ఫ్రైడ్ చికెన్ కూడా దొరుకుతుంది, టెక్సస్‌లో ఉన్నామని గుర్తు చెయ్యడానికేమో.

ఇంత ఉన్నా 2024 దాకా హ్యూస్టన్‌కి ఒక్క మిషెలిన్ స్టార్ లేదు. తిండి బాగోక కాదండి, మిషెలిన్ వాళ్ళు అసలు టెక్సస్‌కే గైడ్ వెయ్యలేదు! ఇప్పుడు ఈ దేశంలో కొత్తగా ఎక్కడికి రావాలన్నా ఆ సిటీనో రాష్ట్రమో టూరిజం డబ్బులు పెడితేనే వస్తున్నారు, ఆ సంగతి తెలిశాక స్టార్లు లెక్కపెట్టి ఊళ్ళని పోల్చడం మానేశా. మొదటి టెక్సస్ గైడ్ వచ్చినప్పుడు నాలుగు బార్బెక్యూ షాపులకి స్టార్లిచ్చారు, అది మాత్రం నాకు భలే నచ్చింది.

న్యూయార్క్‌ని తక్కువ చెయ్యట్లేదు, కానీ న్యూయార్క్ అంటే నాకు మాన్‌హాటన్ కాదు, అదే సిటీలో ఇంకో భాగమైన క్వీన్స్. సెవెన్ ట్రెయిన్ ఎక్కి జాక్సన్ హైట్స్‌లో దిగితే మోమోలు, రూజ్‌వెల్ట్ ఎవెన్యూ మీద మెక్సికన్, కొలంబియన్ బళ్ళు, చివరి స్టాప్ ఫ్లషింగ్‌లో దిగితే చైనాలో ఎన్ని రాష్ట్రాలున్నాయో అన్ని రకాల నూడుల్స్ అన్నట్టుంటుంది, అక్కడి గణేశ్ టెంపుల్ క్యాంటీన్లో దోశ తినకుండా మా ఇంట్లోవాళ్ళు ఎటూ కదలరు. కారు అక్కర్లేకుండా ఇన్ని తినగలిగే ఊరు ఈ దేశంలో ఇంకోటి లేదు, అక్కడ హ్యూస్టన్ ఓడిపోతుంది, ఒప్పుకుంటా. మాన్‌హాటన్‌లో సెమ్మా అని తమిళ వంటల రెస్టారెంట్‌కి మిషెలిన్ స్టార్ ఉంది, నత్తల వేపుడు కూడా పెడతారు, టేబుల్ దొరికితే వెళ్ళండి, దొరకడమే కష్టం.

లాస్ ఏంజిలిస్ కూడా స్ట్రిప్ మాళ్ళ ఊరే, హ్యూస్టన్‌కి అన్న వరస. శాన్ గేబ్రియల్ వ్యాలీలో చైనీస్, కొరియాటౌన్, థాయ్ టౌన్, మెక్సికోలోని ఒహాకా వాళ్ళ మోలే అనే చిక్కటి మసాలా గ్రేవీ. జొనాథన్ గోల్డ్ అనే ఆయన ఇలాంటి చిన్న చిన్న చోట్ల తిరిగి తిరిగి రాసే 2007లో జర్నలిజంలో పెద్ద ప్రైజ్ అయిన పులిట్జర్ కొట్టాడు, తిండి మీద రాసేవాళ్ళలో ఆ ప్రైజ్ వచ్చిన మొదటివాడు. 2008లో రాయ్ చోయ్ వాళ్ళు కోగీ అనే ఫుడ్ ట్రక్ మొదలుపెట్టి కొరియన్ మాంసం టాకోలో పెట్టి, ట్రక్ ఎక్కడుందో ట్విట్టర్లో చెప్తే జనం వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు. షాపు అద్దె కట్టే స్తోమత లేనివాడికి ట్రక్కే దారి, ఆ దారి మూసెయ్యని ఊళ్ళో తిండి బాగుంటుంది. పోర్ట్‌లాండ్‌లో ఫుడ్ కార్టులు అంతలా పెరిగింది కూడా ఇందుకే, ఆరెగన్‌లో సేల్స్ టాక్స్ కూడా లేదు కాబట్టి బోర్డు మీద ఎంతుంటే అంతే.

ఇక శాన్ ఫ్రాన్సిస్కో. మిషన్ ఏరియా బరీటో తిన్నప్పుడల్లా ఈ ఊరిని క్షమించేద్దామనిపిస్తుంది, బిల్లు రాగానే మళ్ళీ కోపమొస్తుంది. ఉద్యోగుల హెల్త్ కేర్ కోసం అని కింద ఒక సర్‌ఛార్జ్, దానిమీద టాక్స్, ఆపైన టిప్ స్క్రీన్ మనవైపు తిప్పి నిలబడతారు. టెక్సస్‌లో సర్వర్‌కి గంటకి 2.13 డాలర్లు ఇచ్చినా చట్టం ఒప్పుకుంటుంది, 1991 నుంచీ ఫెడరల్ లెక్క అదే, టిప్పులతో కలిపి మినిమమ్ వేజ్ 7.25 అయితే చాలు, కాబట్టి అక్కడ టిప్ అంటే దాదాపు జీతమే, నేను కళ్ళు మూసుకుని ఇరవై శాతం ఇచ్చేస్తా. కాలిఫోర్నియాలో పూర్తి మినిమమ్ వేజ్ ఇచ్చి తీరాలి, మరి అక్కడా అంతే అడుగుతారేంటో.

ఫిలడెల్ఫియా గురించి మనవాళ్ళెవరూ మాట్లాడరు, ఛీజ్‌స్టేక్ (బీఫ్, ఛీజ్ పెట్టిన శాండ్‌విచ్) తప్ప ఏముంది అంటారు. పెన్సిల్వేనియాలో లిక్కర్ లైసెన్సులకి కోటా ఉంది, దాంతో ఒక్కో లైసెన్సు రేటు లక్ష డాలర్ల పైమాటే, అది కొనలేని చిన్న రెస్టారెంట్ల వాళ్ళు సీసా మీరే తెచ్చుకోండి అంటారు. డ్రింక్స్ మీద లాభం లేదు కాబట్టి వంట మీదే బతకాలి, తినేవాడికి అదే మేలు. వైన్ సీసా బయట కొన్న రేటుకే తాగుతూ మంచి డిన్నర్ చెయ్యడం ఇంకెక్కడా ఇంత తేలిక కాదు.

షికాగోలో మందంగా ఉండే డీప్ డిష్ పిజ్జా టూరిస్టులకి వదిలెయ్యండి, ఆ ఊరివాళ్ళు ఎక్కువగా తినేది పలచగా చేసి చదరాల్లా కోసే టావెర్న్ స్టైల్. ఇటాలియన్ బీఫ్ శాండ్‌విచ్ తినేవాళ్ళకి జియార్డినేరా (ఊరేసిన కూరగాయ ముక్కలు) వేసుకోమని మాత్రం చెప్తా, అచ్చం మన ఊరగాయ పని చేస్తుంది.

డల్లాస్ మీద కొంచెం కోపముంది నాకు. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో నిండా మన హోటళ్ళే, గోంగూర మటన్, రాజుగారి కోడి పులావ్, అన్నీ దొరుకుతాయి, కాదనను. కానీ అక్కడికెళ్ళిన ప్రతిసారీ మూడు పూటలా అవే తినిపించి పంపిస్తారు, అదే ఊళ్ళో కారోల్టన్‌లో అంత మంచి కొరియన్ హోటళ్ళున్నాయని చెప్పేవాడే లేడు.

వెజిటేరియన్లు ఉంటే న్యూ ఆర్లీన్స్ విషయంలో జాగ్రత్త. నాకు మహా ఇష్టమైన ఊరే, గంబో అనే చిక్కటి పులుసు, రొయ్యల పో'బాయ్ శాండ్‌విచ్, అన్నీ అద్భుతం, కానీ చూడ్డానికి రాజ్మా అన్నంలా కనపడే రెడ్ బీన్స్‌లో కూడా హామో సాసేజో ఉంటుంది, ఆకుకూరల్లో కూడా మాంసం వేసి ఉడికిస్తారు. ఆర్డర్ ఇచ్చే ముందు అడగండి, విసుక్కోరు.