దురద పెట్టని మచ్చ

మా ఆడపడుచు కూతురి పెళ్లికి నాలుగు రోజుల ముందు జుట్టుకి రంగు వేసుకున్నాను. పదకొండేళ్లుగా వేసుకుంటున్నదే. ప్యాకెట్ మీద ‘హెన్నా’ అని ఉంటుంది కాబట్టి గోరింటాకే కదా అని ధీమా. రెండో రోజు సాయంత్రం చెవుల వెనక దురద మొదలైంది. మూడో రోజు పొద్దున్న లేచేసరికి కళ్లు తెరుచుకోలేదు. రెప్పలు రెండూ నీరు పట్టి ఉబ్బిపోయాయి. పాపిట పొడవునా చిన్న చిన్న పొక్కులు. వాటి నుంచి కారిన రసికి దిండు గలీబు నెత్తికి అంటుకుపోయింది. పెళ్లి ఫొటోల్లో ఎక్కడా నేను లేను.

మందులతో పది రోజుల్లో అంతా తగ్గింది. ఎదురింటి వదిన అన్న మాట మాత్రం మనసులోంచి పోలేదు. చూడ్డానికి వచ్చి, నా మొహం చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, “ఈ అలర్జీలు ముదిరితే చర్మానికి క్యాన్సర్ పడుతుందట వదినా, అశ్రద్ధ చెయ్యకు” అంది. ప్రేమతోనే అంది. మా నాన్న గొంతు క్యాన్సర్‌తో పోయారు. ఆ మాట వినబడితే చాలు, మా ఇంట్లో ఎవరికైనా చేతులు చల్లబడతాయి. హైస్కూల్లో పద్దెనిమిదేళ్లుగా బయాలజీ చెబుతున్న నేను ఆ రాత్రి నిద్ర లేకుండా చెవి తమ్మెలు తడుముకుంటూ కూర్చున్నాను. గిల్టు దుద్దులు పెడితే నాకు కాలేజీ రోజుల నుంచీ తమ్మెలు చీము పడతాయి. అంటే పాతికేళ్ల అలర్జీ. పాతికేళ్లలో ముదిరి ఉండదా?

సంక్రాంతి సెలవులు అవగానే తెనాలి నుంచి గుంటూరు వెళ్లి, ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయించుకున్నాను. వీపు మీద, భుజాల కింద, చిన్న చిన్న అల్యూమినియం గిన్నెలు వరుసగా అతికించిన పట్టీలు వేస్తారు. ఒక్కో గిన్నెలో ఒక్కో పదార్థం వాసెలిన్‌లో కలిపి పెసరగింజంత ఉంటుంది. నికెల్, క్రోమియం, రబ్బరులో వాడే రసాయనాలు, సెంట్లలో వాడేవి, జుట్టు రంగులో వాడే పీపీడీ, ఇలాగ. రెండు రోజులు పట్టీ తీయకూడదు, వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు. రెండు రోజులకి పట్టీ తీసి ఒకసారి, నాలుగో రోజున మరోసారి చూస్తారు. ఈ రకం అలర్జీ తీరిగ్గా లేచే రకం కాబట్టి రెండోసారి చూడకపోతే కొన్ని దొరకవు. ఈ పరీక్షను మొదట చేసి చూపింది యాదాసన్ అనే చర్మవైద్యుడు, 1895లో. ఆ పద్ధతే దాదాపు ఇప్పటికీ నడుస్తోంది.

నాలుగో రోజున డాక్టరమ్మ నా వీపు ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. నికెల్ దగ్గర ఎర్రటి దద్దు. పీపీడీ దగ్గర ఉబ్బి, మధ్యలో ఆవగింజల్లాంటి పొక్కులు, అచ్చంగా గిన్నె అంచు ఉన్నంత గుండ్రంగా. నల్లరంగు ఇచ్చే హెన్నా పొడుల్లో చాలావాటిలో కలిసేది ఆ పీపీడీయేనట. గోరింటాకు ఒక్కటే అయితే ఎర్రగా పండుతుంది కానీ నల్లగా పండదు కదా అంది ఆవిడ. ఈ ఒక్క మాట పదకొండేళ్లలో ఒక్కసారీ నాకు తట్టలేదు.

అక్కడ నా పక్కన కూర్చున్న పెద్దాయన మొహం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మిర్చి రైతు. నుదురు, కనురెప్పలు, మెడ వెనక చర్మమంతా మందంగా, నల్లగా, ముడతలు పడి ఉంది. ఆయనకి వయ్యారిభామ పడదు. ముట్టుకోనక్కర్లేదు, ఎండిన ఆ మొక్క పొడి గాలిలో వచ్చి మీద పడితే చాలు. 1950ల్లో పుణెలో మొదట కనబడ్డ కలుపు మొక్క ఇప్పుడు దేశమంతా ఉంది, మా స్కూలు ప్రహరీ పక్కన కూడా. “గట్టు మీదికి వెళ్లకుండా సేద్యం ఎలాగమ్మా?” అని ఆయన నన్నడిగారు. నా దగ్గర జవాబు లేదు.

లోపలికి వెళ్లగానే నేను అడగాల్సింది అడిగేశాను. “ఇది క్యాన్సర్‌కి దారి తీస్తుందా మేడమ్?” ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. “మీకున్న అలర్జీ క్యాన్సర్‌గా మారదు టీచరుగారూ. రెండూ వేరు. నిజానికి అలర్జీ ఉన్నవాళ్లలో కొన్ని క్యాన్సర్లు తక్కువ కనబడ్డాయని డెన్మార్క్ వాళ్ల స్టడీ ఒకటి ఉంది, చదవండి” అంది.

చదివాను, మూడు రాత్రులు కూర్చుని. ఆ స్టడీ 2011లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. 1984 నుంచి 2008 దాకా డెన్మార్క్‌లో ప్యాచ్ టెస్ట్ చేయించుకున్న 16,922 మంది వివరాలు తీసుకున్నారు. వాళ్లలో మూడో వంతు పైచిలుకు మందికి ఏదో ఒక పదార్థం పడలేదు. ఆ పేర్లను ఆ దేశపు క్యాన్సర్ రిజిస్ట్రీతో, అంటే ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో రాసి ఉంచే చిట్టాతో, కలిపి చూశారు. అక్కడ 1968 నుంచి ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంది, క్యాన్సర్ రిజిస్ట్రీ అంతకంటే పాతది, 1940ల నాటిది. అందుకని ఎప్పుడో వీపు మీద పట్టీ వేయించుకున్న మనిషికి ఇరవై ఏళ్ల తర్వాత ఏ జబ్బు వచ్చిందో కాగితాల్లోనే దొరికిపోతుంది. గుంటూరులో నా వీపు ఫొటో డాక్టరమ్మ ఫోన్‌లో ఉంది, రిపోర్టు మా బీరువాలో ఉంది. నాకు రేపు ఏదైనా అయితే ఆ రెండింటినీ కలిపి చూసేవాళ్లు ఎవరూ లేరు. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. మన దగ్గర రోగులకి కొదవా? అందరి లెక్కా అలా కలిపి చూసే ఏర్పాటే లేదు.

ఇంతకీ వాళ్లకి కనబడిందేమిటంటే, ప్యాచ్ టెస్ట్‌లో ఏదో ఒకటి పడనివాళ్లలో మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లు తక్కువ, రొమ్ము క్యాన్సర్ కూడా తక్కువ. ఆడవాళ్లలో మెదడు క్యాన్సరూ తక్కువగా ఉన్నట్టు కనబడింది. మూత్రాశయ క్యాన్సర్ మాత్రం అలాంటివాళ్లలో ఎక్కువ కనబడింది. ఒంట్లోకి దిగిన రసాయనాలు రక్తంలో పేరుకోవడం వల్ల కావచ్చని వాళ్లు ఊహించారు.

దీనికి వాళ్లు చెప్పే కారణం నా పాఠానికి దగ్గరది. చర్మం పై పొరలో కాపలా కణాలుంటాయి. 1868లో లాంగర్‌హన్స్ అనే మెడికల్ స్టూడెంట్ వాటిని మొదట చూసి నరాల కణాలనుకున్నాడు. బయటి పదార్థం ఏదైనా చర్మంలోకి దిగితే ఇవి పట్టుకుని తీసుకెళ్లి టీ కణాలనే తెల్ల రక్తకణాలకి చూపిస్తాయి. నాకు నికెల్ పడకపోవడమంటే నా టీ కణాలు ఆ నికెల్‌ని గుర్తు పెట్టుకుని, కనబడ్డప్పుడల్లా మీద పడడమే. అంత చురుగ్గా ఉండే కాపలా, దారి తప్పిన చర్మకణాన్ని కూడా ముందే పట్టేస్తుందేమో అన్నది వాళ్ల ఆలోచన.

ఇది గాలిలోంచి పుట్టిన ఆలోచన కాదు. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడే తెల్లవాళ్లలో స్క్వామస్ సెల్ అనే, చర్మం పై పొరలో పుట్టే క్యాన్సర్ మామూలు వాళ్లకంటే పదుల రెట్లు ఎక్కువ. 1970ల్లో మార్గరెట్ క్రిప్కీ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో ఇంకో సంగతి చూసింది. అతినీలలోహిత కిరణాల వల్ల వచ్చిన కణితిని మామూలు ఎలుకకి అతికిస్తే దాని శరీరం తిప్పికొట్టింది. ముందే ఆ కిరణాలు తగిలిన ఎలుకలో మాత్రం కణితి పెరిగింది. అంటే ఎండ కణాన్ని చెడగొట్టడంతో ఊరుకోదు, కాపలావాణ్ణి కూడా నిద్రపుచ్చుతుంది. అంతకుముందే అమెరికాలో ఎడ్మండ్ క్లైన్ అనే డాక్టరు ఒక పదార్థంతో రోగికి కావాలనే అలర్జీ తెప్పించి, దాన్ని చర్మపు కణితుల మీద రాసి వాటిని కరిగించే ప్రయత్నం చేశాడు. చర్మ క్యాన్సర్ చికిత్సలో చేసిన పనికి ఆయనకి 1972లో లాస్కర్ బహుమతి వచ్చింది. నేను శత్రువనుకుని భయపడుతున్నదాన్ని ఒకాయన మందుగా వాడాడని తెలిసి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

అయితే దీన్ని పట్టుకుని ‘అలర్జీ ఉంటే మంచిదే’ అని ఎవరూ అనుకోకూడదు. ఆ స్టడీ చేసినవాళ్లు కూడా ఒకదాని వల్ల ఇంకొకటి అని తేల్చలేదు. నాకు తోచే అనుమానాలు నాకున్నాయి. ఒళ్లంతా దురదతో బాధపడేవాళ్లు ఎండలోకి తక్కువ వెళ్తారేమో, అందుకే వాళ్లకి చర్మ క్యాన్సర్ తక్కువేమో. పైగా అది తెల్లటి చర్మం ఉన్నవాళ్ల దేశం. వాళ్ల లెక్కలు మన ఒంటికి అలాగే సరిపోవు.

ఆ రెండో ఆలోచనే నన్ను అమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆస్ట్రేలియాలో డెబ్బై ఏళ్లు వచ్చేసరికి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుంది. మన దేశంలో మొత్తం క్యాన్సర్లలో దాని వాటా చాలా తక్కువ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనకి పుట్టుకతో వచ్చిన గొడుగు. కానీ వచ్చినప్పుడు మనకి అది ఎక్కడ వస్తోందో చదువుతుంటే చాలాచోట్ల ఎండకీ దానికీ సంబంధమే కనబడలేదు. కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుండ్ల మీద, అరికాళ్లలో. కశ్మీర్‌లో చలికి కాంగ్రీ అనే నిప్పుల కుంపటి ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల పెట్టుకునేవాళ్లకి తొడల మీద, పొట్ట మీద. ఇంకా, నడుము మీద.

2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్‌లో మన దేశపు డాక్టర్లు ఇద్దరు ఆడవాళ్ల గురించి రాశారు. ఒకావిడకి డెబ్బై ఏళ్లు, నడుము పక్కన పుండు పద్దెనిమిది నెలలుగా మానలేదు. రెండో ఆవిడకి డెబ్బై దగ్గర పడ్డాయి, పుండుకి రెండేళ్లు. రెండూ స్క్వామస్ సెల్ క్యాన్సర్లే, రెండో ఆవిడకి అప్పటికే గజ్జలో గ్రంథికి పాకింది. ఏళ్ల తరబడి నడుముకి ఒకేచోట బిగించి కట్టడం వల్ల చర్మం ఒరుసుకుని, పలచబడి, చిట్లి, మానీ మానక చివరికి అలా అయింది. దీన్ని చీర క్యాన్సర్ అనేవాళ్లు. తప్పు చీరది కాదు, బొందుది కాబట్టి పెట్టీకోట్ క్యాన్సర్ అనాలని వీళ్లు రాశారు.

అది చదువుతుంటే అమ్మ నడుము గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. లంగా బొందు కట్టే చోట నడుం చుట్టూ నల్లటి గాడి, ఎద్దు మెడ మీద కాడి రాపిడికి కాయ కాసినట్టు. అమ్మకి డెబ్బై మూడు. శనివారం రాత్రి బస్సులో ఊరెళ్లాను. పొద్దున్నే వంటింట్లో పట్టుకుని, “అమ్మా, ఒకసారి నడుము చూపించు” అన్నాను.

“ఏముందే అక్కడ చూడ్డానికి? నీ తలకాయ వాపు తగ్గిందా ముందది చెప్పు” అంది.

వినలేదు నేను. కుడిపక్క, ముడి పడే చోట, గాడి మధ్యలో గోరంత మేర చర్మం తెల్లబారి ఉంది. దాని మీద సన్నటి పగులు, అంచుల్లో పసుపు గూడు కట్టి ఉంది. “ఎన్నాళ్లైంది?” అంటే లెక్క చెప్పలేకపోయింది. వేసంకాలంలో చిట్లుతుంది, కొబ్బరినూనె, పసుపు రాస్తే మానుతుంది, మళ్లీ చిట్లుతుంది. “దురదా నొప్పీ ఏం లేదే అమ్మాయ్, ఉంటే చెప్పనూ?” అంది. నాకు రెండు రోజులు దురద పెడితే ఊరంతా పరామర్శకి వచ్చారు. అమ్మది దురద పెట్టలేదు కాబట్టి కన్నకూతురినై ఉండీ నేనే అడగలేదు.

గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరమ్మ అమ్మ నడుమంతా వేలితో నొక్కి చూసి, గజ్జల్లో గడ్డలున్నాయేమో చూసి, పగులు అంచు నుంచి బియ్యపుగింజంత ముక్క తీసి పంపింది. రిపోర్టుకి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నేను తరగతిలో ఏం చెప్పానో నాకు తెలియదు. క్యాన్సర్ లేదు. రాపిడి వల్ల చర్మం మందంగా మారింది, అంతే అన్నారు. ఒకే చోట బిగించొద్దన్నారు, సన్న బొందు మానెయ్యమన్నారు, పగులు నెలలోపు మానకపోతే మళ్లీ రమ్మన్నారు.

అమ్మకి యాభై ఏళ్ల అలవాటు. వదులుగా కడితే చీర జారిపోతుందని భయం. అందుకని పాత నూలు చీర చించి, నాలుగు వేళ్ల వెడల్పున మెత్తటి పట్టీ చేసి, లంగాలకి బొందు తీసేసి అది కుట్టి, పక్కన రెండు వరసల హుక్కులు పెడుతున్నాను. నికెల్ హుక్కులు నాకే పడవు కాబట్టి చేతికి గుడ్డ చుట్టుకుని కుడుతున్నాను. మొత్తం ఎనిమిది లంగాలు. ఐదు అయ్యాయి. నిన్న అమ్మ ఫోన్ చేసి, పగులు మానిందనీ, పట్టీ బాగానే ఉంది కానీ హుక్కు ఇంకో అంగుళం ఇవతలికి పెట్టమనీ చెప్పింది.