పప్పు పడిన పంచె

ఆదివారం కదా, మధ్యాహ్నం భోజనానికి మామయ్య వచ్చాడు. ముద్దపప్పు, ఆవకాయ, వేడి వేడి నెయ్యి. మా చిన్నాడి మోచెయ్యి గిన్నెకు తగలడం, పప్పంతా మామయ్య తెల్ల పంచె మీద ఒలకడం క్షణంలో జరిగిపోయాయి. "పోనీలేవే, పాతదే" అన్నాడు. పాతదేం కాదు, గంజి వాసన కూడా పోలేదింకా.

ఆయన్ని నాన్న లుంగీలోకి మార్పించి పంచె తీసుకున్నాను. పప్పు మరకంటే రెండు మరకల కింద లెక్క: నెయ్యి, పసుపు. ముందు నెయ్యి సంగతి చూడాలి. రుద్దకుండా చెంచాతో ముద్ద ఎత్తేసి, మీద శనగపిండి చల్లి అరగంట వదిలేశాను. జిడ్డు పీల్చుకుని పిండి ఉండలు కట్టింది. దులిపేసి సబ్బు పెట్టానో లేదో, పసుప్పచ్చగా ఉన్న మరక కాస్తా ఎర్రగా విచ్చుకుంది.

"అయ్యయ్యో, ముదిరిపోయిందే!" అని అమ్మ ఒకటే గోల.

"పెళ్ళిళ్ళలో పారాణి కలిపేది నువ్వే కదమ్మా, పసుపులో ఏం వేస్తావు?"

"సున్నం... ఓహో!"

అంతే. పసుపుకి రంగునిచ్చే కర్‌క్యుమిన్‌కి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నమైనా, బట్టల సబ్బైనా అదే పని చేస్తాయి. హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళూ అలా వచ్చినవే. బాగా జాడించి నిమ్మచెక్క పిండితే మళ్ళీ పసుపు రంగుకి వచ్చింది. అమ్మ ఇంకో చెక్క తెచ్చి తనే పిండింది, సరదా పుట్టినట్టుంది.

ఇక మిగిలిన పని ఎండదే. కర్‌క్యుమిన్ వెలుతురుకి తట్టుకోలేదు, విరిగిపోతుంది. మరక పైకి వచ్చేలా డాబా మీద ఆరేస్తే, సాయంత్రానికి ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సి వచ్చింది. తెల్లబట్ట కాబట్టి ఈ ధైర్యం. రంగు చీరకి నిమ్మరసం, ఎండ కలిపి పెడితే మరకతో పాటు చీర రంగూ వెలుస్తుంది.

వీడియోల్లో అన్నిటికీ వంటసోడాలో వెనిగర్ పోసెయ్యమంటారు. నురగ చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపేసుకున్నాక మిగిలే నీళ్ళలో పసేముంటుంది? విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి.

చిన్నాడి యూనిఫాం మోకాలి దగ్గర రక్తం మరక కూడా ఉంది. చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టాను. రక్తానికి వేడినీళ్ళు మాత్రం తగలనివ్వకూడదు. గుడ్డు ఉడికినట్టు అందులో ప్రోటీన్ గడ్డకట్టి పోగుల్ని పట్టేస్తుంది.

మామయ్య కట్టుకున్న నాన్న లుంగీ మీద మాత్రం ఎప్పటివో అరటి బంక మరకలు, నల్లగా. వాటి మీద నా విద్య ఏదీ పారలేదు. అమ్మ దాన్ని అరటికాయలు తరిగేటప్పుడు ఒళ్ళో పరుచుకోవడానికి తీసి పెట్టుకుంది.