ఎబెన్‌లో టవర్లున్నాయి, మనుషులే చాలడం లేదు

మారిషస్‌కొచ్చి ఆరేళ్లయింది. మాది అనకాపల్లి దగ్గర, చెరకు తోటల మధ్య పెరిగాను కాబట్టి ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే రోడ్డుకి రెండు వైపులా చెరకు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. మా ఆఫీసున్న ఎబెన్ కూడా ఒకప్పుడు చెరకు పొలమేనట. యూరప్ మారిషస్ చక్కెరకిచ్చే ప్రత్యేక ధర ఎల్లకాలం ఉండదని ఇక్కడివాళ్లు ముందే గ్రహించి, 2000 తర్వాత భారత ప్రభుత్వం ఇచ్చిన అప్పు సాయంతో ఇక్కడ సైబర్ సిటీ మొదలుపెట్టారు. చక్కెర, బట్టలు, టూరిజం, ఫైనాన్స్ తర్వాత ఐటీ ఐదో స్తంభం అవ్వాలన్నది వాళ్ల ఆలోచన.

మారిషస్ అంటే మనవాళ్లకి హనీమూన్ గుర్తొస్తుంది, లేదంటే మన దేశంతో ఉన్న టాక్సు ఒప్పందం. ఆ ఒప్పందాన్ని 2016లో సవరించారు, మారిషస్ దారిలో వచ్చినవాళ్లు 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొన్న షేర్ల లాభం మీద పాత పన్ను మినహాయింపు పోయింది. టాక్సు లాభం చూసుకుని వచ్చే డబ్బుని నమ్ముకుంటే ఇంతే, అవతలి దేశం ఒక సంతకం పెడితే దారి మారిపోతుంది.

పని తెచ్చేవి వేరే ఉన్నాయి, నేను రోజూ చూస్తున్నాను. సేఫ్ అనే ఇంటర్నెట్ కేబుల్ 2002లో సముద్రం అడుగున ఈ దీవిని దక్షిణాఫ్రికాతోనూ, మన కొచ్చితోనూ, మలేషియాతోనూ కలిపింది. ఇంట్లో క్రియోల్ మాట్లాడే పిల్లలు బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ నేర్చుకుంటారు, అందుకే పారిస్ క్లయింటుతో ఉదయం ఫ్రెంచిలో మాట్లాడి, మధ్యాహ్నం హైదరాబాద్ టీముతో ఇంగ్లీషులో కాల్ పెట్టేవాళ్లు ప్రతి ఫ్లోర్లోనూ ఉంటారు. టైము కూడా కలిసొచ్చింది: మనకంటే గంటన్నర వెనక, పారిస్‌కంటే ఎండాకాలంలో రెండు గంటలు, చలికాలంలో మూడు గంటలు ముందు. రాత్రి షిఫ్టు అక్కర్లేదు. హైదరాబాద్‌లో అమెరికా టైముకి ఎనిమిదేళ్లు పని చేసిన నాకు ఆ విలువ బాగా తెలుసు.

అయినా ఒకసారి చాలా బాధపడ్డాం. ఒక ఫ్రెంచి క్లయింటు మూడు నెలల్లో ముప్పైమంది జావా డెవలపర్లు కావాలన్నాడు, మేం ఎంత తిరిగినా పదకొండు మందే దొరికారు, వాళ్లలోనూ నలుగురు పక్క బిల్డింగు కంపెనీ నుంచి వచ్చినవాళ్లు. మిగతా పని వేరే దేశానికి పోయింది. మొత్తం జనాభా పన్నెండున్నర లక్షలు, అందులో బాగా చదివిన పిల్లలు ఫ్రాన్స్‌కో కెనడాకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోతుంటే ఎవర్ని తెస్తాం? ఆక్యుపేషన్ పర్మిట్, అంటే బయటి దేశాలవాళ్లు ఇక్కడ ఉండి పని చేసుకోడానికిచ్చే అనుమతి మీద నాలాంటివాళ్లని రప్పిస్తారు. రప్పించడం తప్పు కాదు, నేనూ అలా వచ్చినవాణ్ణే. కానీ నేను చేసే పని పక్క సీటు కుర్రాడికి నేర్పకుండా వెళ్లిపోతే ఈ దేశానికి మిగిలేది అద్దె మాత్రమే.

2019 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీకి ఫీజు తీసేశారు. మంచి పని. రెడుయిలోని యూనివర్సిటీ మాకు కూతవేటు దూరం, 2023 నుంచి మెట్రో కూడా ఉంది. అంత దగ్గరున్నా మా కంపెనీ చాలాకాలం ఫ్రెషర్లని తీసుకోలేదు, నేర్పే టైము లేదనేవాళ్లు. ఈ విషయం మీద నేను మేనేజర్లతో గట్టిగానే వాదించాను. పెట్టుబడిదారుడికి రాయితీ ఇచ్చేటప్పుడు ఎన్ని చదరపు అడుగులు తీసుకుంటావని కాకుండా, ఏటా ఎంతమంది ఫ్రెషర్లకి పని నేర్పుతావని అడగాలి.

చివరికి కిందటేడు ఇద్దర్ని ఇచ్చారు. అందులో ఒకమ్మాయి తెలుగు కుటుంబం, పూర్వీకులు కోరంగి రేవు నుంచి చెరకు పనికి వచ్చారట. తెలుగు రాదు, కానీ ఇంట్లో ఏటా సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. సింహాచలం మీ ఊరికి ఎంత దూరమని అడిగింది. బస్సులో గంట, గంటన్నర అంటే నమ్మలేనట్టు చూసింది.

పోయిన శుక్రవారం పేమెంట్ మాడ్యూల్ కొత్త వెర్షన్ ప్రొడక్షన్‌లోకి పంపింది తనే. నేను వెనక నిల్చున్నాను, కీబోర్డు ముట్టుకోలేదు. రెండుసార్లు ఎర్రర్ వచ్చింది, లాగ్స్ చూసుకుని తనే సరిచేసుకుంది, సాయంత్రం ఆరింటికి పారిస్ నుంచి ఓకే అని మెయిల్ వచ్చింది.