రాష్ట్రపతి ఎన్నిక మీద రెండు పేజీల అర్జీ: నా అనుభవం

రాష్ట్రపతిని ఎన్నుకునే పద్ధతి గురించి లోక్‌సభకు అర్జీ పెట్టాలని నిశ్చయించుకున్న రోజున నా దగ్గర పదకొండు పేజీల రాతప్రతి ఉంది. చివరికి హన్మకొండ పోస్టాఫీసులో స్పీడ్ పోస్టుకు ఇచ్చింది రెండు పేజీలు మాత్రమే. మధ్యలో తొమ్మిది పేజీలు ఎలా రాలిపోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అర్జీ పెట్టుకోవాలనుకునే మరొకరికి అందులోని మెలకువలు అక్కరకు వస్తే అది అదనపు లాభం.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెబుతాను. 2022 జూలై 18న రాష్ట్రపతి ఎన్నిక పోలింగు జరిగిన ఆ వారంలోనే, ఇంటర్ రెండో సంవత్సరం తరగతిలో శాసనసభ్యుని ఓటు విలువ ఎలా వస్తుందో బోర్డు మీద చేసి చూపించాను. రాష్ట్రపతికి ఓటు వేసేది మనం ఎన్నుకున్న పార్లమెంటు సభ్యులూ, శాసనసభ్యులే; ఒక్కో శాసనసభ్యుని ఓటుకు ఎంత విలువన్నది ఆ రాష్ట్ర జనాభాను బట్టి ఉంటుంది. తెలంగాణ జనాభా 1,57,02,122. దానిని 119 మంది శాసనసభ్యులతో భాగిస్తే 1,31,950 చిల్లర. మళ్లీ వెయ్యితో భాగిస్తే 131, శేషం 950. శేషం ఐదు వందలకు తగ్గకుండా ఉంటే ఒకటి కలపాలి కాబట్టి 132. సుద్దముక్క పక్కన పెట్టి చేతులు దులుపుకుంటుండగా వర్ధన్నపేట వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు లేచి, "సార్, మన జనాభా మూడున్నర కోట్లు గదా, మీరు కోటిన్నరే రాసిన్రేంది?" అని అడిగాడు.

అది 1971 జనాభా లెక్క అని చెప్పాను. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఆ లెక్కను 2001 దాకా బిగించిందనీ, ఆ తర్వాత 84వ సవరణ దానిని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వివరాలు వెలువడే దాకా పొడిగించిందనీ చెప్పాను. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్నది దీని వెనుక ఉన్న కారణం. పిల్లవాడు కూర్చున్నాడు గానీ, యాభై ఏళ్ల కింద పుట్టని వాళ్లను లెక్కలో లేని వాళ్లుగా చూడడం సబబేనా అన్న ప్రశ్న నాతోనే ఇంటికి వచ్చింది. పదకొండు పేజీలకు అదే మొదలు.

ఆ రాతప్రతిలో నేను కోరినవి ఒకటి కాదు, ఐదు. వాటిలో మొదటిది రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్నది. ఆదివారాలు కాకతీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూర్చుని రాజ్యాంగ సభ చర్చలు చదివాక తెలిసిందేమిటంటే, ఈ కోరిక నాకంటే చాలా ముందు కె.టి. షా కోరినది. వయోజన ఓటుతో ప్రత్యక్ష ఎన్నిక జరగాలని ఆయన సభలో సవరణ పెట్టాడు, అది వీగిపోయింది. అధికారమంతా మంత్రివర్గానికీ, శాసనవ్యవస్థకూ ఉండగా, దేశమంతా ఓటు వేసి గెలిపించిన మనిషిని అధికారం లేని కుర్చీలో కూర్చోబెట్టడం పొసగదన్నది నెహ్రూ వాదన. తమాషా ఏమిటంటే, ఆ షా గారే 1952లో, తాను వద్దన్న పరోక్ష పద్ధతిలోనే రాజేంద్ర ప్రసాద్ మీద పోటీ చేశాడు. ప్రసాద్‌కు 5,07,400 ఓట్ల విలువ వస్తే షాకు 92,827 వచ్చింది. ఆ అంకెలు నోటుపుస్తకంలో ఎక్కించుకుంటుంటే ఆయన మీద నాకు గౌరవమే పెరిగింది.

నెహ్రూ వాదన అభేద్యమైనదని నేను అనను. ఐర్లండులో అధ్యక్షుని పదవి దాదాపు మన రాష్ట్రపతి పదవి లాంటిదే, అయినా అక్కడ ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. ప్రధానమంత్రికీ అధ్యక్షునికీ మధ్య అందువల్ల ఆకాశం విరిగి పడలేదు. కాని ఐర్లండు ఓటర్లెంత, 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి 96 కోట్లు దాటిన మన ఓటర్లెంత? ఒక్క పదవికి అంత పెద్ద ఎన్నిక పెడితే అది పార్టీల ప్రచార యుద్ధం కాక మానదు. గెలిచినవారు ఆ తర్వాత మంత్రివర్గం సలహాకు తల ఊపుతూ కూర్చోరు. ఆ మూడు పేజీలను నేనే కొట్టేశాను.

రెండో కోరిక ప్రాధాన్యతా ఓటు తీసివేయాలన్నది. శాసనసభ్యులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయడం అనవసరపు చిక్కు అని రాశాను. దీనిని మా కళాశాలలో చరిత్ర చెప్పే మిత్రుడు ఒక్క మాటతో చిత్తు చేశాడు: "1969ని మరిచిపోయినవా?" ఆ ఏడు వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, సి.డి. దేశ్‌ముఖ్ పోటీలో ఉన్నారు. మొదటి ప్రాధాన్యత ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవడానికి కావలసిన 4,18,169 ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్యతలు లెక్కపెట్టాకే గిరి 4,20,077తో గెలిచాడు, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయాడు. సగానికి మించిన మద్దతు లేకుండా ఎవరూ ఆ భవనంలోకి వెళ్లకుండా చూసేది ఆ అంకెలే. పౌరశాస్త్రం చెప్పే నాకు చరిత్ర వాడు గుర్తు చేయవలసి రావడం కొంచెం సిగ్గుగానే అనిపించింది. మూడో, నాలుగో కోరికల గురించి చెప్పుకోదగ్గది లేదు. అవి కోపంలో రాసినవి.

మిగిలింది 1971 లెక్క. అప్పటికి ఆ భాగానికి నేను పెట్టుకున్న శీర్షిక "తెలంగాణకు జరుగుతున్న అన్యాయం". ఉమ్మడి రాష్ట్రంలో మన శాసనసభ్యుని ఓటు విలువ 148; విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అది 159కి పెరిగింది, మనకు 132కు తగ్గింది. జనాభా పెరిగినా పాత లెక్కే పట్టుకుని మనల్ని ముంచుతున్నారన్నది నా గట్టి నమ్మకం. ఒక రాత్రి భోజనమయ్యాక 2011 జనాభా లెక్కలు ముందు పెట్టుకుని, అదే సూత్రంతో రాష్ట్రాల వారీగా విలువలు కట్టడం మొదలుపెట్టాను. తెలంగాణ 132 నుంచి 294 అయింది. ఉత్తరప్రదేశ్ 208 నుంచి 496 అయింది. తమిళనాడు 176 నుంచి 308, కేరళ 152 నుంచి 239. ఆంధ్రప్రదేశ్ 280 దాటి అక్కడే నిలిచింది, అంటే ఇప్పుడు మనకంటే పైన ఉన్న రాష్ట్రం మన కిందికి వస్తుంది.

విలువలు అందరికీ పెరుగుతాయి కాబట్టి చూడవలసింది వాటాను. 1971లో దేశ జనాభాలో తెలంగాణ ప్రాంతం వాటా 2.86 శాతం, 2011లో 2.89 శాతం. క్యాలిక్యులేటరు తప్పు నొక్కానేమో అని మూడుసార్లు చేశాను. నలభై ఏళ్లలో మన వాటా ఇసుమంత పెరిగిందే తప్ప తగ్గలేదు. పాత లెక్క వల్ల మనకు జరిగిన అన్యాయం లేదు. కొత్త లెక్క వల్ల ఒరిగేదీ పెద్దగా లేదు. పోయేది కేరళకూ, తమిళనాడుకూ, ఆంధ్రప్రదేశ్‌కూ. అన్యాయం అన్న ఆ నాలుగు పేజీలను చింపి పొయ్యిలో వేయమని మా ఆవిడ సలహా ఇచ్చింది గానీ, వెనుకవైపు తెల్లగా ఉన్నాయని దాచుకుని ఈ వ్యాసం చిత్తుప్రతికి వాడుకున్నాను.

మరి అర్జీ ఎందుకు? ఇక్కడే నాకు అసలు విషయం దొరికింది. నియోజకవర్గాల పునర్విభజన వల్ల దక్షిణాది లోక్‌సభ స్థానాలు ఏమవుతాయన్న చర్చ మా హన్మకొండ చౌరస్తాలో చాయ్ బండి దగ్గర కూడా వినిపిస్తుంది. కాని ఆ స్థానాలను 1971 లెక్క దగ్గర ఆపిన బిగింపు తాళమే రాష్ట్రపతి ఎన్నికకు సంబంధించిన 55వ అధికరణంలోనూ ఉందనీ, లెక్క మారిన రోజు ఈ తాళం ఎవరూ చర్చించకుండానే దానంతటదే ఊడిపోతుందనీ ఎవరూ అనడం నేను వినలేదు. 2025 జూన్‌లో జనగణన నోటిఫికేషన్ వచ్చింది. దేశంలో ఎక్కువ భాగానికి లెక్క తేదీ 2027 మార్చి 1. ప్రస్తుత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పదవీకాలం 2027 జూలైలో ముగుస్తుంది, అంతకు ముందే తర్వాతి ఎన్నిక పూర్తి కావాలి. అప్పటికి కొత్త వివరాలు వెలువడకపోతే ఆ ఎన్నికా 1971 లెక్క మీదే జరుగుతుంది. ఆ తర్వాతి ఎన్నికకు మాత్రం అంకెలన్నీ ఒక్కసారిగా మారతాయి. కొత్త లెక్క వర్తింపజేసే ముందు ఏ రాష్ట్రం ఓటు విలువ ఎంత నుంచి ఎంతకు మారుతుందో చూపే పట్టికను సభ ముందుంచాలనీ, దాని మీద రాష్ట్ర శాసనసభల అభిప్రాయం తీసుకోవాలనీ మాత్రమే నేను కోరదలిచాను. 54, 55 అధికరణాలను సవరించాలంటే పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీతో పాటు కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం ఎలాగూ కావాలి. సవరణకు అడగవలసిన వాళ్లను, సవరణ లేకుండా అంతే పెద్ద మార్పు వచ్చేటప్పుడు ఒక మాట అడగడంలో తప్పేముంది?

ఇక తంతు. లోక్‌సభకు పెట్టే అర్జీకి నిర్ణీత నమూనా ఉంది. సభను సంబోధిస్తూ మొదలుపెట్టాలి, విషయాన్ని క్లుప్తంగా చెప్పాలి, ఏం కోరుతున్నామో "ప్రార్థన"గా ముగించాలి. భాష మర్యాదగా, నిగ్రహంగా ఉండాలి. కోర్టులో నలుగుతున్న విషయం కాకూడదు. హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ రాయాలి. మరో భారతీయ భాషలో రాస్తే ఆ రెండింటిలో ఒకదానిలోకి చేసిన అనువాదాన్ని సంతకంతో జత చేయాలి. నేను తెలుగులోనే రాశాను, అనువాదం మా ఇంగ్లీషు అధ్యాపకురాలు చేసి పెట్టింది. అనువాదం తప్ప ఉత్తరాలు, ప్రమాణపత్రాలు, ఇతర కాగితాలు ఏవీ జత చేయకూడదన్న నిబంధన నన్ను బాగా ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే నా బలమంతా ఆ ఓటు విలువల పట్టికలోనే ఉంది. చివరికి ఐదు రాష్ట్రాల అంకెలను వాక్యాలుగా మార్చి అర్జీ ఒంట్లోనే ఇమిడ్చాను. అలా ఇమిడించడంలో నాలుగు అనవసర విశేషణాలు వాటంతట అవే పోయాయి.

నమూనాలో "షోయెత్" అనే పాతకాలపు ఇంగ్లీషు మాట ఒకటి ఉంది. "ఈ అర్జీదారు విన్నవించేదేమనగా" అన్న అర్థంలో వాడతారు. సుబేదారిలో మాకు టైపు చేసి పెట్టే డీటీపీ సెంటర్ కుర్రవాడు దానిని అచ్చుతప్పు అనుకుని ఇప్పటి మాటగా దిద్దేశాడు. మళ్లీ మార్చమంటే కంప్యూటరు కింద ఎర్రగీత గీస్తోందని చూపించాడు. "ఎర్రగీత ఉంటే ఉండనీ తమ్మీ, ఢిల్లీల గట్లనే రాస్తరు" అన్నాను. నా వైపు అనుమానంగా చూసి, "సార్, గిది అర్జీనా, ప్రశ్నపత్రమా? అన్నీ లెక్కలే ఉన్నయి" అన్నాడు.

సంతకాలకు భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున నడకకు వచ్చే వాళ్లను పట్టుకున్నాను. ప్రతి సంతకం పక్కన పూర్తి పేరూ చిరునామా ఉండాలి, అక్షరం రాని వాళ్లు వేలిముద్ర వేయవచ్చు. ఒక విశ్రాంత తహసీల్దారు అర్జీ అంతా నిలబడే చదివి, "విలువ" అన్న చోట ఒక అక్షరం పడిపోయిందని చూపించి, దిద్దాకే సంతకం పెట్టాడు. పరకాల దగ్గర పల్లెలో ఉండే మా అత్తగారు వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలిని చీరకొంగుకు తుడుచుకుంటూ, "గీ ముద్ర ఢిల్లీ దాక పోతదా బిడ్డా?" అని అడిగింది. మొత్తం ఇరవై ఏడు మంది అయ్యారు.

అర్జీని పార్లమెంటు సభ్యుని ద్వారా సభలో పెట్టించవచ్చు, అప్పుడు ఆయన ప్రతిసంతకం ఉండాలి. లేదా నేరుగా సెక్రటరీ జనరల్‌కు పంపవచ్చు. మొదటి దారి గౌరవంగా ఉంటుందని ఒక సభ్యుని కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్లాను. మూడోసారి అక్కడి సహాయకుడు కాగితాలు తిరగేసి, "రాష్ట్రపతి ఎన్నికల మీకు ఓటే లేదు గద సార్, మీకెందుకు గిదంత?" అన్నాడు. వ్యంగ్యం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మా ఎమ్మెల్యే ఓటు విలువ 132 అనీ, మీ సారు ఓటు విలువ 2022లో 700 అనీ, అంటే ఐదుగురు ఎమ్మెల్యేలు కలిసినా ఆయనకు సరిపోరనీ, ఆ విలువంతా మా తలల లెక్క నుంచే వచ్చిందనీ చెప్పాను. అతనికి ఆ 700 మాట నచ్చినట్టుంది, ఒక కాగితం మీద రాసుకున్నాడు. నాలుగోసారి వెళితే సభ్యుడు ఊళ్లో లేడు. నేను రెండో దారి పట్టాను.

కవరు బరువు తూచి రసీదు ఇచ్చేటప్పుడు కౌంటరులోని అమ్మాయి చిరునామా గట్టిగా చదివి, "పార్లమెంటుకా సార్?" అని మరోసారి అడిగింది. రసీదును జేబులో పెట్టుకున్నాను. రాజ్యసభకూ వేరే పిటిషన్ల కమిటీ ఉంది కాబట్టి రెండో ప్రతి కూడా తయారు చేయాలని మరుసటి వారం డీటీపీ సెంటర్‌కు వెళ్లాను. పాత ఫైలు తెరిచి, "లోక్‌సభ" అన్న చోటల్లా "రాజ్యసభ" అని మార్చి, కుర్రవాడు ప్రింటు తీశాడు. ఆ ఎర్రగీత మాటను మాత్రం తనంతట తానే ముట్టుకోకుండా వదిలేశాడు.